పండగ మూడు రోజుల కొలత

పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర టికెట్ల క్యూలో నిలబడేవాళ్ళలో పద్మినిని ఎరగనివాళ్ళు తక్కువ. భుజాన నల్లసంచి, సంచిలో కరెంటు కొలిచే మీటర్లు, వైర్లు, ఒక స్క్రూడ్రైవరు, వాటి మధ్య టిఫిన్ డబ్బా. నలభై ఒక్కేళ్ళ మనిషి. క్యూలో ఎవరైనా ముందుకు దూరితే ఊరుకునే రకం కాదు. బెంగాలీవాడినైతే బెంగాలీలో, తమిళుడినైతే తమిళంలో, మిగిలిన లోకాన్నంతా హిందీలో కడిగేస్తుంది. తెలుగు మాత్రం సొంతవాళ్ళని తిట్టడానికి దాచుకుంటుంది. చదవమంటే ఆ తెలుగే సినిమా పోస్టరు మీద కూడా కూడబలుక్కోవాలి. బడి అంతా హిందీలో జరిగింది మరి.

పుట్టింది డేరాలో. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో పద్నాలుగు గంటలు పోతే వచ్చే చిన్న దీవిలో, శ్రీకాకుళం వైపు నుంచి వేటకొచ్చిన కుటుంబాలు ఒకప్పుడు గుడారాలు వేసుకున్న చోటు అది. గుడారాలు పోయి సిమెంటు ఇళ్ళు లేచినా పేరు మాత్రం డేరాగానే ఉండిపోయింది. తల్లి పోయేనాటికి పద్మినికి నాలుగేళ్ళు. పెంచింది తల్లి చెల్లెలు కాళమ్మ. కాళమ్మ చేపలు ఎండబెట్టి, ఉప్పేసి, అమ్మి, ఈ పిల్లని హాస్టల్లో వేసి చదివించింది. పిల్ల ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసింది. క్లాసులో ఒక్కతే ఆడపిల్ల. కొన్నాళ్ళు కాంట్రాక్టు మీద ఇంటింటికీ తిరిగి మీటర్లు చదివింది, ఓడలో చుక్కాని పట్టే సుకానీగా పనిచేసే ఉమేష్‌ని పెళ్ళాడింది, బాంబూఫ్లాట్‌లో కాపురం పెట్టింది. అక్కడితో ఆగితే ఆమె గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆరేళ్ళ కింద మిన్నీ బేలో ఒక ఇంటి మేడమీద గోపినాథ్ అనే కుర్ర ఇంజనీరు 'గట్టు ఎనర్జీ' అని బోర్డు కట్టాడు. ఇక్కడే పుట్టిన తెలుగువాడు, విశాఖలో చదివొచ్చాడు. చేసే పని సలహా చెప్పడం. ఒక దీవికి రోజుకి ఎంత కరెంటు కావాలో కొలిచి, డీజిల్ జనరేటరు బదులు ఎన్ని సోలార్ పలకలు, ఎన్ని బ్యాటరీలు పెడితే సరిపోతుందో లెక్కకట్టి కాగితం ఇవ్వడం. పెట్టేది ఇంకొకరు. మొదట్లో ముగ్గురే: గోపినాథ్, లెక్కలూ డిజైన్లూ చూసే సుష్మ, ఊళ్ళు తిరిగి కొలిచే పద్మిని. ఇప్పుడు అరవై మంది. చెన్నైలో ఒక ఆఫీసు, మాల్దీవుల్లో మాలేలో ఇంకోటి. మనుషులు పెరిగినంత వేగంగా కుర్చీలు రాక, ఒకప్పుడు ఇద్దరు ఇంజనీర్లు బ్యాటరీల పెట్టెల మీద కూర్చుని డిజైన్లు గీశారు. పద్మిని విజిటింగ్ కార్డు రెండేళ్ళలో మూడుసార్లు మారింది. మూడోదాని మీద 'సర్వే విభాగం అధిపతి' అని ఉంది. ఉమేష్ ఆ కార్డు తన ఓడలో అందరికీ చూపించాడు.

ఈ వైభవం మొత్తానికీ పునాది డేరా. ఆ పునాది కింద ఏముందో తెలిసింది పద్మిని ఒక్కదానికే.

కంపెనీకి దొరికిన మొట్టమొదటి పని డేరాదే. వారం రోజుల పాటు మీటర్లు తగిలించి, ఏ ఇంటికి రోజుకి ఎన్ని యూనిట్లు పడతాయో కొలుచుకు రమ్మన్నాడు గోపినాథ్. ఎప్పుడు వెళ్ళాలో పద్మిని ఇష్టం. పద్మిని క్యాలెండరు చూసుకుని గంగమ్మ పండగ రోజులు ఏరుకుంది. కంపెనీ టికెట్టు మీద వెళ్ళినట్టూ ఉంటుంది, పిన్ని చేతి పులిహోర తిన్నట్టూ ఉంటుంది. అందులో పద్మినికి తప్పేమీ కనబడలేదు.

డేరాలో గంగమ్మ పండగ మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఒక్క బోటు నీళ్ళలో దిగదు. పసుపు రాసి, బొట్లు పెట్టి, ఇసుకలో వరసగా నిలబెడతారు. ఎవరింట్లోనూ చేప వండరు. చేపలు దాచే ఫ్రీజర్లు, ఇంటికొకటో రెండో ఉంటాయి, అన్నీ ఖాళీ చేసి, స్విచ్చి తీసి, కడిగి, మూతలు తెరిచి ఆరబెడతారు. ఏడాదంతా రాత్రింబవళ్ళు ఆడే ఫ్రీజర్లకి ఆ మూడు రోజులే సెలవు. ఆఖరికి మైకుసెట్టుకీ రంగుబల్బులకీ కూడా అద్దె జనరేటరు తెచ్చుకుంటారు.

పద్మిని మీటర్లు తగిలిస్తుంటే కాళమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏటి గుంటా, ఇప్పుడు కొలిస్తే ఏటి తెలుత్తాది? పెట్టెలన్నీ ఖాళీయే గదా."

"ఇది మూడు రోజులే కదా పిన్నీ. ఇంకా నాలుగు రోజులుంటాను. అప్పుడు తెలుస్తుంది."

ఉండలేదు. నాలుగోనాడు ఓడ ఉంది, అది తప్పితే మళ్ళీ తొమ్మిది రోజులకి గానీ లేదు. రిపోర్టు సోమవారానికల్లా ఇవ్వాలని గోపినాథ్ ఫోను మీద ఫోను. పద్మిని మీటర్లు విప్పేసి ఓడెక్కింది. ఎప్పుడు వెళ్ళిందో, అక్కడ ఎన్నాళ్ళుందో ఆఫీసులో ఎవరూ లెక్కపెట్టలేదు. మూడు రోజుల అంకెల్ని అటూ ఇటూ కాస్త మార్చి మిగిలిన నాలుగు రోజుల గడుల్లో వేసింది. ఇంటికి రోజుకి సగటున రెండు యూనిట్లు. తర్వాత వెళ్ళినప్పుడు సరిచేద్దాం అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ అనుకోవడం వేరు, వెళ్ళడం వేరు.

ఆ కాగితం చూసి సుష్మ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "దీదీ, చేపలవాళ్ళ ఊరు కదా. మరీ ఇంత తక్కువా? ఇంకోసారి చూస్తారా?"

"నేను పుట్టిన ఊరమ్మా అది. నాకు తెలీదా?" అంది పద్మిని.

ఆ మాట అన్నప్పుడు గొంతులో ఉన్న ధీమా ఆమెకి ఇప్పటికీ గుర్తే. గుర్తొచ్చినప్పుడల్లా ఫెర్రీలో ఉన్నా సరే, పక్కవాళ్ళకి కనబడకుండా మొహం సముద్రం వైపు తిప్పుకుంటుంది.

తక్కువ కరెంటు అంటే తక్కువ పలకలు, తక్కువ బ్యాటరీలు. పోటీకొచ్చిన పెద్ద కంపెనీలన్నిటికంటే చవగ్గా తేలింది డిజైను. ఎవరీ కుర్రాళ్ళు అని అందరూ తిరిగి చూశారు. డేరాలో పలకలు లేచాయి, రిబ్బన్లు తెగాయి, దాని వెంట ఇంకో నాలుగు దీవుల పనులు వచ్చి పడ్డాయి. అవి రైతుల ఊళ్ళు, ఫ్రీజర్లు లేనివి, కాబట్టి అక్కడేమీ బయటపడలేదు. గోపినాథ్ ఏ సభకి వెళ్ళినా ఒకటే కథ: "మా పద్మిని దీదీ వారం రోజులు ఆ ఊళ్ళో ఉండి, ఇల్లిల్లూ తిరిగి కొలిచారు. మిగతావాళ్ళు ఆఫీసులో కూర్చుని ఊహిస్తారు, మేం కొలుస్తాం." జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. పద్మిని రెండు చేతులూ జోడించి, తల వంచుకునేది. ఎంత అణకువ గల మనిషి అనుకునేవాళ్ళు చూసినవాళ్ళు. అది అణకువ కాదు, సిగ్గు. తల ఎత్తితే ఎవరికైనా తన మొహంలో అంతా కనబడిపోతుందని భయం.

డేరాలో ఏమైందో ఆమెకి తెలియక కాదు. పలకలు పెట్టిన రెండో నెలలోనే కాళమ్మ కొడుకు పైడిబాబు ఫోను చేశాడు. ఫ్రీజర్లన్నీ వేస్తే పొద్దెక్కేసరికి కరెంటు పడిపోతోందని, రెండు పడవల సూరచేప కుళ్ళిపోతే తీసుకెళ్ళి సముద్రంలో పారబోశారని చెప్పాడు. ఇప్పుడు వంతులు పెట్టుకున్నారట. ఈరోజు ఈ వరస ఇళ్ళు, రేపు ఆ వరస ఇళ్ళు.

"ఆఫీసోళ్ళకి అర్జీ రాద్దామన్నాను దీదీ. అమ్మ వద్దంది. మన గుంట పెట్టించిన బిజిలీ, అర్జీ పెడితే దాని నౌక్రీ పోద్ది, మనమే కొంచెం అడ్జస్ట్ అవుదాం అంది."

చూస్తానులే అని ఫోను పెట్టేసింది పద్మిని. ఆ ఏడాది గంగమ్మ పండగకి ఆఫీసు పని ఉందని వెళ్ళలేదు. మరుసటేడు కాలు నొప్పి అంది. ఆ తర్వాత ఏ కారణమూ చెప్పలేదు. కాళమ్మ మాత్రం ప్రతి ఏడూ ఓడలో వచ్చేవాళ్ళ చేత ప్రసాదం పంపేది. ఆ పొట్లం విప్పాలంటే పద్మినికి చేతులు రావు. ఉమేష్ విప్పి, ఆమె చేతిలో పెట్టేవాడు.

ఇలా ఎన్నాళ్ళు నడిచేదో గానీ, మాల్దీవుల పని వచ్చింది. తొమ్మిది దీవులు. అన్నీ చేపల మీద బతికే ఊళ్ళే. కంపెనీ పుట్టాక ఇంత పెద్ద పని లేదు. ఇది దొరికితే మాలే ఆఫీసుకి పద్మినే పెద్ద, పాస్‌పోర్టు కూడా చేతికొచ్చేసింది. సుష్మ తొమ్మిది దీవులకీ డిజైను గీసింది. దేన్ని పట్టుకుని గీసిందో వేరే చెప్పాలా? డేరా అంకెని. ఇంటికి రోజుకి రెండు యూనిట్లు. కంప్యూటరు తెర మీద ఆ 'రెండు' చూసిన రోజు పద్మిని సీటులోంచి లేచి, బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు ఊరికే నిలబడింది. ఒక ఊరు తన వల్ల వంతులేసుకుని బతుకుతోంది, ఇప్పుడు ఇంకో తొమ్మిది ఊళ్ళు. బయటికొచ్చి చెప్పేద్దామనే అనుకుంది. గోపినాథ్ గదిలో కేకు కోస్తున్నారు, పుట్టినరోజు ఎవరిదో. ఒక ముక్క తిని వచ్చేసింది.

సంతకాలకి ముందు డేరాని కళ్ళతో చూస్తామన్నారు మాల్దీవులవాళ్ళు. వేట జోరుగా సాగే రోజులు. అన్ని ఫ్రీజర్లూ వేస్తే అతిథుల ముందే కరెంటు పడిపోతుంది, వంతులేస్తే ఆ సంగతి బయటపడుతుంది. పద్మిని రెండు రోజులు ముందుగా ఒక్కతే వెళ్ళింది.

నాలుగేళ్ళ తర్వాత చూసిన పిన్ని బాగా వంగిపోయింది. వచ్చినదాన్ని ఏమీ అడక్కుండా అన్నం పెట్టింది. పద్మిని అన్నం కెలుకుతూ, కంచంలోకి చూస్తూనే చెప్పింది: ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారు, ఆ ఒక్క రోజూ ఫ్రీజర్లు ఆపాలి, అందరి చేతా ఆపించాలి. ఇంటింటికీ తిరిగి తనే అడుగుతానంది.

"నువ్వు తిరగడం ఏటే, ఆఫీసరువి. నాను సెప్తాలే. టెన్షన్ మత్ లే."

కాళమ్మ చెప్పింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అప్పటికే పెట్టెల్లో ఉన్న కోనాం, సూర చేపలు వచ్చినకాడికి ఏజెంటుకి తోసేశారు. మిగిలింది కోసి ఉప్పేసి ఎండలో పరిచారు. దాచే చోటు లేక రెండు రోజులు బోట్లు కూడా ఒడ్డునే ఉండిపోయాయి. పద్మిని గట్టు మీద నడిచి వెళ్తుంటే వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు లేచి నిలబడ్డారు, గౌరవంగా. చిన్నప్పుడు ఆమెని ఎత్తుకు తిరిగినవాళ్ళు. ఆ లేచి నిలబడటం చూసి పద్మినికి తల కొట్టేసినట్టయింది.

అనుకున్న రోజున గోపినాథ్, సుష్మ, ముగ్గురు అతిథులు దిగారు. ఇద్దరు ఇంజనీర్లు. మూడో మనిషి ఆమినత్ అనే పెద్దావిడ, ఆ తొమ్మిదిలో ఒక దీవికి కౌన్సిల్ సభ్యురాలు, చేపలు ఎండబెట్టే ఇంటి మనిషి. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. ఇంజనీర్లు పలకల్నీ బ్యాటరీల్నీ ఫొటోలు తీసుకున్నారు. ఇళ్ళల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టీవీలు ఆడుతున్నాయి, కరెంటు రెప్ప వేయలేదు. గోపినాథ్ మొహం వెలిగిపోతోంది. ఆమినత్ మాత్రం ఫొటోల జోలికి పోకుండా తిన్నగా కాళమ్మ ఇంటి వెనక వసారాలోకి నడిచి, ఫ్రీజరు మూత ఎత్తింది. లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమింది. చెయ్యి వాసన చూసుకుంది. పక్కింట్లోదీ ఎత్తి చూసింది.

"చేపల సీజను కదా," అంది హిందీలో, కాళమ్మ వైపు తిరిగి. "అన్నీ ఖాళీగా ఎందుకున్నాయి? చల్లదనం కూడా లేదు."

గోపినాథ్ పద్మిని వైపు చూశాడు. అతనికి నిజంగానే తెలియదు. కాళమ్మ ఒక్క అడుగు ముందుకు వేసి, పద్మినికీ ఆమినత్‌కీ మధ్య నిలబడింది.

"ఆజ్ గంగమ్మ కా త్యోహార్ హై, బహెన్," అంది తాపీగా, ఇవాళ గంగమ్మ పండగని. "తీన్ దిన్ బోట్ నహీ జాతా. సబ్ ఫ్రీజర్ ధోకే రఖా హై. గంగమ్మ కీ కసమ్."

పండగ అయిపోయి అప్పటికి ఏడు నెలలు.

కాళమ్మ మామూలుగా గంగమ్మ పేరు ఎత్తే మనిషి కాదు. అమ్మోరు అంటుంది, పెద్దామె అంటుంది. పెనిమిటి తుఫానులో చిక్కుకుని అయిదు రోజులు జాడ లేనప్పుడు కూడా పేరు పెట్టి మొక్కలేదు, అంత భయమూ భక్తీ. అలాంటి మనిషి పేరు పెట్టి ఒట్టు వేసింది, అబద్ధానికి. పైగా ఆరేళ్ళ కింద పద్మిని చేసిన పని ఏమిటో మొదటినుంచీ ఆవిడకి తెలుసన్నది ఆ ఒక్క మాటతో బయటపడింది. తెలిసే ఇన్నేళ్ళూ ఊరి నోరు మూసింది, తెలిసే ప్రసాదం పంపింది.

ఆమినత్ తల ఊపింది. నమ్మేసింది. పండగ సంగతి ఆవిడకి నచ్చింది కూడా. ఇంజనీర్లలో ఒకతను బ్యాగులోంచి ఫైలు తీశాడు.

"కాదు," అంది పద్మిని. హిందీలోనే అంది, అందరికీ అర్థమవ్వాలని. "పండగ కాదు. నేనే ఆపించాను. అన్నీ వేస్తే కరెంటు పడిపోతుంది. ఆరేళ్ళ కింద నేను కొలిచింది పండగ మూడు రోజులే. మిగతా నాలుగూ ఊరికే రాశాను."

సుష్మ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "నేనడిగాను కదా దీదీ," అంది మెల్లగా. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

"అయితే ఒక ఇంటికి నిజంగా ఎంత కావాలి?" అనడిగింది ఆమినత్.

"నాకు తెలియదు. నేను కొలవలేదు."

పుట్టిన ఊళ్ళో, పెంచిన పిన్ని గుమ్మంలో, అరవై మంది కంపెనీ తరఫున నిలబడి అన్న మాట అది. ఆమినత్ ఫైలు మూయించింది. కోపంగా కాదు. మా ఊళ్ళ అంకెలు మా ఊళ్ళల్లో కొలిచాక మాట్లాడుకుందాం అంది, అది మీరో ఇంకెవరో చూద్దాం అంది. గోపినాథ్ వాళ్ళని బోటు దాకా తీసుకెళ్ళాడు. అయిదు నిమిషాల్లో అతని వయసు పదేళ్ళు పెరిగినట్టుంది. వెళ్తూ వెళ్తూ పద్మిని దగ్గర ఆగాడు.

"మీరు ఇక్కడే ఉండండి దీదీ. ఫ్రీజర్లన్నీ వేయించి, పూర్తిగా కొలిచాక రండి. ఆ తర్వాత సంగతి తర్వాత." దీదీ అనడం మానలేదు. మానితే బాగుండు అనుకుంది పద్మిని.

నిజం చెప్పేస్తే గుండె తేలికపడుతుందని ఆమె ఆరేళ్ళుగా నమ్ముతూ వచ్చింది. ఏమీ తేలికపడలేదు. వసారాలోకి వెళ్ళి కాళమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. కాళమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది గానీ చూపు ఎక్కడో ఉంది.

"ఆ మాటేదో మొన్న వచ్చి అన్నం తిన్నప్పుడే సెప్పుంటే, నా నోటమ్మట ఆ పేరు రాకపోను గదే," అంది.

లేచి తలారా స్నానం చేసింది. తడిబట్టలతోనే పళ్ళెంలో పసుపూ కర్పూరమూ పెట్టుకుని, గట్టు చివర ఉన్న గంగమ్మ గుడి వైపు బయల్దేరింది. పద్మిని కూడా లేచి, చెప్పులు వదిలేసి, వెనకాలే నడిచింది. పది అడుగులు వేశాక కాళమ్మ ఆగి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రాకు తల్లీ. నువ్వు సెప్పేసుకున్నావు. తప్పు సెప్పుకోవలసింది ఇప్పుడు నాను."

పద్మిని ఇసుకలో అక్కడే నిలబడిపోయింది.